గుత్తి ప్లీడరు

మన పాఠశాల వార్షిక సంచికకు మహాపురుషుని చరిత్రమొకటి వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు మమ్ము కోరి మూడు వారములైనది. మహాపురుషుల చరిత్రములు వ్రాయుట మాకు కొత్త గాదు. ఇరువది యేండ్లకు పైగా తరగతిలో చెప్పుచునే యున్నాము. పుట్టిన యేడు, చదివిన చదువు, చేసిన ఘనకార్యములు, గిట్టిన యేడు అను నాలుగు గళ్ళు నిండినచో చరిత్రము ముగిసినట్లే మాకు లెక్క. కాని యిప్పుడు వ్రాయబోవు పురుషుని పేరు మాకు పుస్తకము వలన తెలిసినది కాదు. ఒక విద్యార్థి యెడల మేము చేసిన యపరాధము వలన తెలిసినది. ఆ యపరాధమును దాచి ఆయన ఘనతను మాత్రము వ్రాయుట న్యాయము గాదని తోచి రెంటిని కలిపియే వ్రాయుచున్నాము.

మొదట మా సంగతి చెప్పవలెను. చిన్ననాటి నుండి మాకు వకీళ్ళన్నచో సరిపడదు. కుందూనది చేరువ నున్న మా గ్రామమున మా తండ్రిగారికి నాలుగెకరముల నల్లరేగడి చేను ఉండెడిది. ఆ చేనిగట్టు విషయమై దాయాదికిని మా తండ్రిగారికిని తగవు పుట్టెను. తగవు పడిన నేల యెంతయని యడిగెదరేమో, రెండు సాళ్ళ వెడల్పు! దానికై పదునొకండేండ్లు దావా నడచినది. వాయిదా నాడు మా తండ్రిగారు జొన్నరొట్టెలు గుడ్డలో మూటగట్టుకొని తెల్లవారకమునుపే బయలుదేరుచుండిరి. కోర్టు ఆవరణములోని చింతచెట్టు క్రింద మధ్యాహ్నము వరకు కూర్చుండి, ఆ రొట్టెలు తిని, "మరల వచ్చే నెల" యను మాట విని యింటికి వచ్చుచుండిరి. ఆయన ప్లీడరుగారు ప్రతి వాయిదాకును ఫీజు పుచ్చుకొనుట మరచినవారు కారు. వాదించుట మాత్రము పలుమారులు మరచిరి. మా తల్లిగారి మెడలోని గుండ్లదండ ఆ గట్టుమీదనే పోయినది. తుదకు ఊరి పెద్దలిద్దరు ఒక సాయంకాలము మా యరుగుమీద కూర్చుండి గడియ సేపటిలో రాజీ చేసిరి. అప్పటికి ఆ రెండు సాళ్ళలో పండు ధాన్యము వెల మూడుతరముల వారికైనను కోర్టు ఖర్చులకు సరిపోదు.

మా యింట "వాయిదా" యను మాట తిట్టుగా వాడుకయైనది. అడిగిన వస్తువు తెచ్చుట ఎవరైన ఆలసించినచో మా తల్లిగారు "వీడు ప్లీడరై పుట్టవలసినవాడు" అనుచుండిరి. అట్టి యింట పెరిగి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివి, బెత్తమును సుద్దముక్కయును చేత బట్టిన మాకు ఆ కోపము తగ్గలేదు సరికదా, దానికి పాండిత్యము కూడ తోడైనది. సువార్తలో న్యాయశాస్త్రులను గద్దించిన సందర్భము వచ్చినప్పుడెల్ల మేము తరగతి వంక చూచి చిరునవ్వు నవ్వుచుండెడివారము. ఆ న్యాయశాస్త్రులు మోషే ధర్మశాస్త్రమును చదివిన పండితులే గాని, నల్లకోటు తొడిగిన కోర్టు వకీళ్ళు కారని మాకు తెలియకపోలేదు.

ఇంకొక చిత్రము వినుడు. మన పాఠశాల గోడమీద అబ్రహాము లింకను పటమున్నది. అమెరికా మిషనరీల కాలము నుండి యిట్టి పాఠశాలలలో ఆయన పటముండుట వాడుక. ఆయనను గూర్చి మేము ఏటేట చెప్పుచుంటిమి: 1809లో కట్టెల గుడిసెలో పుట్టెను, నిప్పు వెలుతురున చదువుకొనెను, దేశాధ్యక్షుడై బానిసలను విడిపించెను. నడుమ నున్న యిరువదియైదేండ్ల మాట యేమి? 1836లో ఆయన న్యాయవాది పట్టా పొందుట, స్ప్రింగుఫీల్డు పట్టణమున వకీలుగా నుండుట, 1847 మొదలు 1849 వరకు కాంగ్రెసను ఆ దేశపు శాసనసభలో సభ్యుడై యుండుట, ఇవన్నియు మేము ఒక్క వాక్యములో దాటించుచుంటిమి. నది దాటునప్పుడు పంచె యెత్తి పట్టుకొని వడివడిగా నడచు వానివలె.

ఇక జరిగినది చెప్పెదము. తొమ్మిదవ తరగతి వారికి "నేను పెద్దవాడనైన పిమ్మట" అని వ్యాస విషయమిచ్చితిమి. నలువదియైదు పుస్తకములు బల్లమీద కుప్పగా పడినవి. ఇరువది దిద్దిన పిమ్మట కన్నులు అక్షరములను చూచును గాని మనస్సు చూడదు. ఈ మాట ఉపాధ్యాయులందరు ఒప్పుకొందురు, బహిరంగముగా కాకపోయినను. ముప్పదియవ పుస్తకమో ముప్పదియొకటవదో తెరచితిమి. మొదటి వాక్యము "నేను వకీలు నగుదును" అని యున్నది. అంతే, మా తండ్రిగారి చింతచెట్టు మా కన్నులయెదుట నిలిచెను. ఎర్ర సిరాతో "అబద్ధములాడి పొట్టపోసికొను వృత్తి నీకేల? మరల వ్రాయుము" అని వ్రాసి, పుస్తకము మూసి, తరువాతిది అందుకొంటిమి. ఆ వ్యాసము రెండు పుటలు నిండియుండెను. మేము చదివినది మూడు పంక్తులు.

ఆ బాలుడు మరల వ్రాయలేదు. మరునాటి నుండి నాలుగు దినములు బడికి రాలేదు. జ్వరమేమోయని తలచితిమి. అయిదవ దినమున, శనివారము ప్రొద్దుట, అతని తండ్రి వచ్చెను. అతడు వెల్దుర్తి దారిలో ఒక రైలుగేటు కావలివాడు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకయే వచ్చినట్లున్నాడు, కన్నులు ఎర్రబారి యున్నవి. చంకలో పాతపత్రికలో చుట్టిన పుస్తకము. కూర్చుండుమన్నను కూర్చుండలేదు.

"మా వాడు ఏమన్నా తప్పు రాసినాడా అయ్యవారూ?" అని యడిగెను. "నాకు చదువు తక్కువ. వాడు చదివి చెప్పమంటే చెప్పడంల్యా. కొంచెం కడదాకా మీరే చదివి ఇనిపించండి."

చదువక తప్పలేదు. మా ఎర్ర సిరా వ్రాత పైననే యున్నది. దానిని దాటి చదువనారంభించితిమి. ఆ బాలుడు వ్రాసినది యిది. అతని తండ్రి పూర్వము గుత్తి వైపు పని చేసినప్పుడు కుమారుని ఒక రాతి యొద్దకు తీసికొనిపోయెను. అది ఒక గేటు కావలివాని జ్ఞాపకార్థము నిలిపిన రాయి. దొరల కాలములో ఇద్దరు స్త్రీలను సోల్జర్లు తరుముకొని రాగా, ఆ కావలివాడు వారిని తన గదిలో దాచి, వాకిట అడ్డముగా నిలిచి, తుపాకి గుండు తిని చనిపోయెను. బీదవాడు గనుక అతని మాట అడుగువారు లేకపోయిరి. అప్పుడొక వకీలు అతని పక్షమున నిలిచి లోకమునకు చాటెను. "ఆ వకీలు పేరు మా నాయనకు తెలియదు. నేను బాగుగా చదువుకొని ఆ పేరు తెలిసికొందును. మా నాయన కూడ గేటువద్దనే యుండును గనుక నేను అట్టి వకీలు నగుదును" అని ముగించియున్నాడు. రెండు చోట్ల అక్షరదోషములున్నవి. వానిని గూర్చి మేమేమియు మాటలాడలేదు.

కడపటి పంక్తి చదువునప్పుడు మా గొంతు సరిగా పలుకలేదు. గేటు కావలివాడు తల వంచుకొని విని, "ఆ పేరు మీకు తెలుస్తాదేమోనని గూడా వచ్చినా అయ్యవారూ" అనెను. పట్టా పుచ్చుకొని, చరిత్రపాఠము చెప్పుచు జీతము తినుచున్న మేము తెలియదంటిమి. కనుగొని చెప్పెదమని మాట యిచ్చితిమి. అతడు "అంతే సాలు" అని పోయెను. ఎర్ర సిరా వ్రాతలో నేమున్నదో అతడు అడుగలేదు, మేము చెప్పలేదు. పిరికితనమే.

తరువాతి సెలవునాడు ద్రోణాచలము మీదుగా పోవు రైలెక్కి గుత్తిలో దిగితిమి. మన కర్నూలువారికి ఎండ కొత్తగాదు గాని గుత్తి యెండ వేరు. అది ఆకాశము నుండియు, కోటబండల నుండియు రెండు ప్రక్కల వచ్చును. ఆ కోట క్రిందనే ఒకప్పుడు సర్ తామస్ మన్రో దొరను పాతిపెట్టిరి. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపినీవారికి దత్తము చేసిన పిమ్మట కలెక్టరుగా వచ్చి, తరువాత మద్రాసు గవర్నరై, 1827లో మన పత్తికొండలో కలరా తగిలి మరణించిన యాయనయే. గవర్నరుగారి యస్థికలను కొంతకాలమునకు మద్రాసుకు తరలించిరి. గేటు కావలివాని రాయి మాత్రము గుత్తిలోనే నిలిచియున్నది. మేము నలుగురిని అడిగి అక్కడకు చేరి, చెప్పులు విడిచి నిలుచుంటిమి. ఎందుకు విడిచితిమో తెలియదు. అది గుడి గాదు, చర్చి గాదు.

ఆ కావలివాని పేరు హంపన్న. 1893 అక్టోబరు నెలలో గుంతకల్లు వద్ద ఆంగ్ల సైనికులు కొందరు ఇద్దరు స్త్రీలను తరుమగా, వారిని కాపాడబోయి తుపాకి దెబ్బ తిని మరణించెను. నేరము మోపబడిన సైనికుడు మద్రాసులో విచారింపబడి నిర్దోషియని విడువబడెను. ఆ కాలపు చట్టమును గూర్చి ఒక మాట చెప్పవలెను. 1884లో చేయబడిన చట్టము ప్రకారము యూరోపీయుడైన ముద్దాయి తన జూరీలో సగమునకు తక్కువ గాకుండ యూరోపీయులో అమెరికనులో ఉండవలెనని కోరవచ్చును. భారతీయ న్యాయాధికారులును తెల్లవారిని విచారింపవచ్చునని ఇల్బర్టు అను న్యాయమంత్రి తెచ్చిన బిల్లుపై తెల్లవారు గొప్ప అలజడి చేయగా, రాజీగా పుట్టినది ఆ నిబంధన. చంపబడినవాడు గుంతకల్లు గేటు కావలివాడైనచో, తులాభారములో ముల్లు ఎటు వాలునో పిల్లలకైనను తెలియును.

అట్టి దినములలో ఈ వార్త గుంతకల్లు పొలిమేరలోనే అణగిపోకుండ చేసిన వకీలు పట్టు కేశవపిళ్లెగారు. జనులు గుత్తి కేశవపిళ్లె యందురు. ఆయన గుత్తిలో ప్లీడరు. మద్రాసులో 1878లో పుట్టిన ది హిందూ పత్రికకు ఈ ప్రాంతపు విలేఖరి. జరిగిన ఘోరమును ఆ పత్రిక మూలమున దేశమునకు తెలియజేసెను. చందాలు కూడి రాయి నిలిచెను. ఈ కాలపు పిల్లలకు ఇది చిన్న పనిగా తోచవచ్చును. కాని ఆలోచింపుడు. ప్లీడరు అన్నము సనదులో నున్నది. ఆ సనదు ప్రభుత్వమువారి కోర్టు చేతిలో నున్నది. చిన్న తాలూకా పట్టణమున ప్రతిదినము ఏ యధికారుల యెదుట చేతులు కట్టుకొని నిలువవలెనో, ఆ యధికారుల జాతివారిపై కలమెత్తుట! కక్షిదారుడు చచ్చిపోయినాడు, ఫీజిచ్చువాడు లేడు. మా తండ్రిగారి ప్లీడరుగారు బ్రతికియున్న కక్షిదారునికే సరిగా వాదింపలేదే అని ఆ రాతివద్ద మాకు స్ఫురించెను. ఒక వృత్తినంతటిని ఒక మనుష్యుని బట్టి కొలిచితిమని కూడ స్ఫురించెను.

కేశవపిళ్లెగారు 1860లో జన్మించిరి. పిళ్లె యను బిరుదము తమిళదేశపు సంబంధమును తెలుపును. కాని ఆయన జీవితమంతయు మన యీ సీమకే చెందినది. అప్పటికి దీనిని రాయలసీమ యనువారు లేరు. దత్తమండలమనుచుండిరి, రాయలసీమ యను పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభలో పెట్టబడినది. ఇరువదియైదవ యేటనే ఆయన బొంబాయి పోయి, 1885 డిసెంబరు 28వ తేదీన గోకులదాసు తేజపాలు సంస్కృత కళాశాలలో మొదలైన తొలి కాంగ్రెసు సభలో కూర్చుండెను. సభ పూనాలో జరుగవలసినది. అక్కడ కలరా వ్యాపించుటచే బొంబాయికి మార్చిరి. దేశమంతటికిని చేరినవారు డెబ్బదియిద్దరు. అందు చాలమంది వకీళ్ళే. చిత్తూరు ప్రక్కనున్న కట్టమంచిలో పుట్టి, మొదట పచ్చయప్ప పాఠశాలలో ఉపాధ్యాయుడై, పిమ్మట మద్రాసులో పేరుమోసిన వకీలై, 1891లో నాగపూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన పనప్పాకము ఆనందాచార్యులుగారును అందొకరు. (ఉపాధ్యాయుడు వకీలైనాడని చదివి మేము రెండవసారి సిగ్గుపడితిమి.) మద్రాసు నుండి కడప, గుత్తి, ఆదోనిల మీదుగా రాయచూరు చేరు రైలుమార్గము 1871 నాటికే పూర్తియై బొంబాయి మార్గముతో కలిసినది. ఇప్పుడు మా విద్యార్థి తండ్రి వంటివారు ఏ పట్టాల కావలి కాయుచున్నారో, దేశమును ఒకచోట కూర్చినవి అట్టి పట్టాలే.

ఇచ్చట ఒక చిన్న ముచ్చట. అమెరికాలో కాంగ్రెసనగా చట్టములు చేయు సభ. మన దేశమున 1885లో కాంగ్రెసనగా చట్టము చేయు హక్కు లేనివారు కూడి మనవులు వ్రాసికొను సభ. ఒకే మాట, నడుమ సముద్రమంత దూరము. కేశవపిళ్లెగారు మొదట మన కాంగ్రెసుకు పోయి, 1909 నాటి మింటో మార్లే సంస్కరణల పిమ్మట మద్రాసు శాసనసభలో సభ్యుడై, ఒకప్పుడు దానికి ఉపాధ్యక్షుడు కూడ నయ్యెను. మనవులు వ్రాయుట నేర్చినవాడు తరువాత ప్రశ్నలు వేయుట నేర్చెనన్నమాట.

ఆ ప్రశ్నలలో మన జిల్లాలకు దగ్గరయైనవి అడవి ప్రశ్నలు. 1882లో మద్రాసు అటవీచట్టము పుట్టెను. అంతవరకు ఊరి పశువులు మేయు కొండలకును, వంటచెరకు తెచ్చుకొను గుట్టలకును హద్దురాళ్ళు పడినవి. నల్లమల, ఎర్రమల, పాలకొండలు మనకు కన్నులకు కనబడుచుండును గాని కాలు పెట్టిన పుల్లరి. చీటి లేక హద్దు దాటిన పశువు బందెలదొడ్డికి. విడిపించుకొనుటకు రైతు అప్పులవానియొద్దకు. మా నాయనమ్మ తన అత్తగారినోట విన్నదానిని చెప్పుచుండెడిది: వానలు లేని యేడు ఒక పాడియావు హద్దు దాటగా జరిమానా కట్టలేక ఆ ఆవునే వదలుకొన్నారట. "గొడ్డు నోటికి హద్దురాయి చదవను వస్తాదా?" అనెడిది ఆమె. గొడ్డుకు రాదు; రైతుకును రాదు. చదువ వచ్చినవాడొకడు మద్రాసులో లేచి, ఈ జరిమానాలేమి, ఈ గార్డుల బాధలేమి, మేతకు నేల యేదియని దొరతనమువారిని మరల మరల అడుగవలసియుండెను. కేశవపిళ్లెగారు దానిని తన పనిగా పెట్టుకొనిరి. కడుపునిండ వాన చూడని సీమనుండి పోయినవాడు గనుక ఆ పని విడువలేదని మా యూహ.

1917లో మద్రాసు ప్రెసిడెన్సీ అసోసియేషను అను సంఘము పుట్టినప్పుడు అధ్యక్షుడు ఆయనయే. బ్రాహ్మణేతరుల హక్కులను కాంగ్రెసులో నుండియే సాధింపవలెనని ఆ సంఘమువారి మతము. ఆ కాలపు రాజకీయములు చిక్కుల పుట్ట. విద్యార్థులు పై తరగతులలో చదివికొందురు.

అంతకంటె మా మనస్సున నిలిచినది ఆయన చేసిన సముద్రయాత్ర. దక్షిణ అమెరికా ఉత్తరపు టంచున బ్రిటిషు గయానా యను వలస రాజ్యముండెను. 1966లో స్వతంత్రమై గయానా యని పిలువబడుచున్నది; పటములో వెనిజులా ప్రక్కన చూడుడు. 1838 మొదలు అక్కడి చెరకుతోటలకు మన దేశపు కూలీలను ఒడంబడికపై ఓడలలో తీసికొనిపోయిరి. కలకత్తా రేవునుండి పోయినవారు ఎక్కువ. మద్రాసు రేవునుండి తమిళులును తెలుగువారును పోయిరి. అయిదేండ్ల ఒడంబడికపై వేలిముద్ర వేసిన వానికి ఆ కాగితములో నేమున్నదో తెలియదు. పని మానినచో జైలు. 1917లో ఈ పద్ధతిక్రింద కొత్తవారిని చేర్చుట ఆగినది. ఆగిన వెంటనే తోటల యజమానులకు పనివాండ్ర కొరత వచ్చెను. భారతీయులు వచ్చి కాపురములుండవచ్చును, నేల యిచ్చెదము, సమాన హక్కులిచ్చెదమని వారు కొత్త యేర్పాటు చూపిరి. అది నిజమో కాదో కన్నులార చూచి రమ్మని భారత ప్రభుత్వమువారు 1922లో ముగ్గురిని పంపిరి: కేశవపిళ్లె, వెంకటేశ నారాయణ తివారి, కీటింజి దొర. వారికి పెద్ద మన గుత్తి ప్లీడరు. అప్పటికి ఆయనకు అరువది దాటినది.

అరువది దాటిన ముదుసలి అట్లాంటికు దాటి, కూలీల వరుసయిండ్లలో తిరిగి, మురుగుకాలువలను చూచి, కాపురములను చూచి వచ్చెను. పిళ్లె, తివారి యిరువురును కలిసి ఒక నివేదిక వ్రాసిరి. కీటింజి దొర వేరుగా వ్రాసెను. ఆ యిండ్ల దుస్థితిని, ఆరోగ్యపు ఏర్పాటుల లోపమును పిళ్లె తివారులు దాచలేదు. ఆతిథ్యమిచ్చినవారి మనస్సు నొచ్చునని మాటలు మెత్తన చేయలేదు. వేలిముద్ర వేసిన వానికి చదువ రాని ఒడంబడికను ఎవరో ఒకరు చదివి చెప్పవలెను గదా. మా బల్ల యెదుట పుస్తకము పట్టుకొని "కడదాకా మీరే చదివి ఇనిపించండి" అన్న ఆ గేటు కావలివాని మాట మాకు ఇచ్చట మరల వినబడినది.

కేశవపిళ్లెగారు దోషము లేని మనుష్యుడని మేము వ్రాయబోము. దొరతనమువారిచ్చిన దివాను బహద్దరు బిరుదును ఆయన ధరించెను. మితవాది. ఇతరులు వకీలువృత్తి మాని జైళ్ళకు పోవుచున్న దినములలో ఆయన శాసనసభలోనే యుండెను. ఆ త్రోవ చాలదని తలచినవారు అప్పుడు నుండిరి, ఇప్పుడును ఉన్నారు. వారి మాటలో సత్యము లేకపోలేదు. కాని హంపన్న చనిపోయిన 1893లో జైలుకు పోవు ఉద్యమమేదియు లేదు. ఉన్నది ఒక కలము, ఒక సనదు, ఒక పోస్టాఫీసు. వానితోనే ఆయన పని చేసెను. 1933లో మరణించెను.

తిరుగు రైలులో లింకను చరిత్రమును మొదటిసారి నడిమి నుండి చదివితిమి. ఆ వకీలు, వకీలుపనిని గూర్చి ఉపన్యాసము చేయదలచి వ్రాసికొన్న మాటలలో, వ్యాజ్యములను పెంచవద్దనియు, ఇరుగుపొరుగువారిని రాజీకి ఒప్పింపుమనియు, కోర్టులో గెలిచినవాడు సైతము ఖర్చులచే ఓడినవాడే యగుచుండుననియు హితవు చెప్పియున్నాడు. మా తండ్రిగారు అట్టి ప్లీడరు చేతిలో పడియున్నచో మా తల్లిగారి గుండ్లదండ మిగిలియుండెడిది. పటము క్రింద ఇరువది యేండ్లు నిలిచి పాఠము చెప్పి, ఈ మాట మేము చదువలేదు.

సోమవారము నాడు ఆ బాలుడు బడికి వచ్చెను. తరగతి యెదుటనే అతని పుస్తకము చేతబట్టి, మేము మూడు పంక్తులు మాత్రమే చదివి కడమ చదువకయే ఆ మాట వ్రాసితిమనియు, అది తప్పనియు చెప్పితిమి. తరగతి నిశ్శబ్దమయ్యెను. ఉపాధ్యాయుడు తప్పు ఒప్పుకొన్నప్పుడు ఎటు చూడవలెనో పిల్లలకు తెలియదు. కొందరు కిటికీ వంక చూచిరి. ఆ పుటను చించి వేరుపుస్తక మిచ్చెదమంటిమి.

"ఉండనీయండి సార్" అనెను బాలుడు.

పిమ్మట హంపన్న పేరు, కేశవపిళ్లెగారి పేరు నల్లబల్లమీద వ్రాసి కథ యంతయు చెప్పితిమి. ముగించిన వెంటనే ఆ బాలుడు లేచి, "ఆ సోల్జరును విడిచిపెట్టినారు గదా సార్. అయితే ప్లీడరుగారు ఓడిపోయినట్లేనా?" అని యడిగెను. మేము కొంతసేపు ఆలోచించుచు నిలుచుంటిమి. తగిన మాట దొరకకమునుపే గంట కొట్టిరి. ఆ ప్రశ్న ఇంకను మాయొద్దనే యున్నది.

ఆనాటి సాయంకాలము వెల్దుర్తి దారిని ఆ గేటువద్దకు పోతిమి. గేటు వేసియుండెను, రెండు లారీలును, ఒక గొఱ్ఱెలమందయు ఆగియున్నవి. రైలు పోయిన పిమ్మట అతడు గేటెత్తి, పచ్చజెండా చుట్టి చంకన పెట్టుకొని మాయొద్దకు వచ్చెను. పేరు దొరికినదంటిమి. తన పేరు తానే విన్నవానివలె అతని ముఖము వికసించెను. "నోటిమాట నిలవదు అయ్యవారూ, రాసియ్యండి. గదిలో అంటించుకుంటా" అనెను. డ్యూటీ పుస్తకమునుండి చింపిన తెల్లకాగితము తెచ్చి యిచ్చెను. హంపన్న పేరు పెద్ద యక్షరములతో వ్రాసితిమి. ప్లీడరుగారి పేరు ఎచ్చట వ్రాయవలెనని యడిగితిమి.

అతడు కాగితము వంక చూచి, వ్రేలితో చూపి, "దీని కిందనే" అనెను.